చివరి అధ్యాయం చదివిన గొంతు

“నీకు ఎలాంటి డిటెక్టివ్ నవల నచ్చదమ్మీ?”

ప్రేమలీల తల ఎత్తి చూసింది. మర్నాడు పొద్దున్న తనను పోలీసు జీపులో కొరాపుట్ కోర్టుకు తీసుకుపోతారని ఆమెకు తెలుసు. నర్సుల క్వార్టర్స్ గుమ్మం బయట స్టూలు వేసుకుని కానిస్టేబులు కూర్చున్నాడు. తనను కాపాడతాడని అన్నయ్య రత్నకుమార్ టెలిగ్రాం ఇచ్చి విశాఖపట్నం నుంచి పిలిపించిన మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదా?

“నన్ను హంతకురాలంటన్నారు సార్” అంది.

“తెలుసు. అందుకే అడుగుతున్నాను.”

జీవరాజుకు యాభై దాటాయి. మిలటరీలో రోడ్లు వేసి కొండలు పేల్చే ఇంజనీర్ల దళంలో పనిచేసి వచ్చాడు. ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. పుట్టింది కొరాపుట్‌లోనే. తల్లి కూడా నర్సే. తెల్లచీర మడతల్లో డెట్టాల్ వాసన ఆయనకు చిన్నప్పుడే అలవాటు. గొంతు పెంచకుండా మాట్లాడతాడు.

కేసు వివరాలు ఆయన బస్సులోనే చదివేశాడు. రాయగడ బజారులో అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపే సన్యాసయ్యను పోయిన లక్ష్మివారం ఎవరో ముఖం మీద దిండు అదిమి చంపారు. శుక్లాలతో ఆయనకు చూపు పోయి రెండేళ్లు. డ్యూటీ దిగాక ప్రేమలీల వచ్చి రోజూ డిటెక్టివ్ నవలలు చదివి వినిపించేది. లక్ష్మివారం లైబ్రరీకి సెలవు. ఆ మధ్యాహ్నం ఆయన గదిలోంచి ఆడగొంతు నవల చదవడం విన్నానని పక్కింటి కోటేశ్వరమ్మ వాంగ్మూలం ఇచ్చింది. దీపాలు పెట్టే వేళకు హోటల్ వాడు టిఫిన్ తెచ్చి శవాన్ని చూశాడు. డాక్టరు ఊళ్లో లేడు. మర్నాడు వచ్చి చూసి, ఏ వేళప్పుడు పోయాడో చెప్పలేనన్నాడు. ‘నా తర్వాత ఈ లైబ్రరీ ప్రేమలీలదే’ అని సన్యాసయ్య నలుగురిలో అనేవాడు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి?

“చనిపోయిన మనిషిని మొదటి పేజీలోనే మర్చిపోయే నవల నచ్చదు సార్” అంది ప్రేమలీల, కాసేపటికి. “శవం అంటారు. ఇంక అక్కణ్ణించి రివాల్వర్లు, కార్లు, మారువేషాలు. ఆ శవం నిన్నటిదాకా ఎవరికి ఏటవుతాడో ఒక్కరూ అడగరు. నాకు అలాంటివి చదవబుద్ధి కాదు.”

“సన్యాసయ్యగారికి?”

“ఆయనకి రూల్సు ఉండేవి. హంతకుడు చివర్లో ఊడిపడకూడదు. మొదట్నించీ మన మధ్యన తిరగాలి. కవల సోదరుడని రాస్తే పుస్తకం విసిరీమనేవాడు. డిటెక్టివుకి తెలిసింది మనకి చెప్పకుండా దాచేస్తే, ‘ఇది దొంగాట అమ్మీ, ఈ రచయితకి ఉత్తరం రాయి’ అనేవాడు. నేను చదువుతుంటే ఊరుకునేవాడా? పేజీ పేజీకీ అడ్డు తగిలేవాడు. వీడేనంటాను, కాదు వాడేనంటాను...”

ఆమె ముఖం తిప్పుకుంది. జీవరాజు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకున్నాక అడిగాడు.

“లక్ష్మివారం నువ్వు వెళ్లలేదు.”

“లేదు సార్. బుధవారం రాత్రి డ్యూటీ, మర్నాడు పొద్దున్న డ్యూటీ కలిపి పడ్డాయి. మధ్యాహ్నం వార్డులోంచి వచ్చి పడుకున్నాను. చీకటి పడ్డాక లేచేను. నిద్రకి సాక్షులెవరుంటారు?”

“రానని ఆయనకి కబురు చెయ్యలేదా?”

“చేసేను. బుధవారం బజార్లో సత్తిబాబు కనపడ్డాడు. ఆయన మేనల్లుడు, డ్యాం పనుల్లో చేస్తాడు. రెండు డ్యూటీలు పడ్డాయి, రేపు మధ్యాహ్నం పడుకుంటాను, రాలేను, మావయ్యకి చెప్పు అన్నాను. ‘అలాగే అక్కా’ అన్నాడు. ఇప్పుడు నాకేటీ చెప్పలేదు అంటన్నాడు. ఆ రోజు పొద్దున్న మావయ్యకి కాఫీ ఇచ్చి, బస్సెక్కి కొరాపుట్ వెళ్లిపోయేడట. రాత్రిదాకా అక్కడే ఉన్నట్టు పదిమంది చెబుతున్నారు.”

“నువ్వు ఆయనకు మాత్రలు ఇచ్చేదానివని ఫైల్లో ఉంది.”

“తలనొప్పికి సార్. రెండు నెలల్నించి ఒకటే తలనొప్పి ఆయనకి. అక్కడ కూర్చుంటే నాకూ వచ్చేది. బయటికొస్తే తగ్గిపోయేది. పాత పుస్తకాల దుమ్ము అనుకున్నాం.” ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. “వచ్చే వారం కంటి ఆపరేషన్ సార్ ఆయనకి. చూపొచ్చేక మొదట ఏటి చేస్తారు అంటే, లోపలి గదిలో బీరువాలన్నీ దింపి నా చేత్తో నేనే సర్దుకుంటానమ్మీ అన్నాడు. చిన్నపిల్లాడిలా రోజులు లెక్కెట్టుకున్నాడు.”

జీవరాజు లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“నువ్వు నవల చదివేటప్పుడు ఎలా చదువుతావు? మాట్లాడినట్టా, అచ్చులో ఉన్నట్టా?”

“అచ్చులో ఉన్నట్టే సార్. మిషన్ స్కూల్లో అక్షరం మింగితే మా టీచరమ్మ బెత్తం తీసేది.”

*

కోటేశ్వరమ్మ భర్తది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. లైబ్రరీ లోపలి గదికీ ఆమె వసారాకీ మధ్య సన్నటి సందు, ఎదురెదురుగా రెండు కిటికీలు. లైబ్రరీ కిటికీకి ఎప్పుడూ పరదా ఉంటుంది కాబట్టి మనుషులు కనపడరు, మాటలే వినపడతాయి. ఆమె కుర్చీ ఆ కిటికీకి ఆనించి ఉండడం జీవరాజు చూశాడు.

“నేను కతలు వినే మనిషిని కాదు బాబూ” అందామె ముందుగానే. “గాలి కోసం ఇక్కడ కూకుంటాను. వినిపిస్తే ఏటి సేస్తాను?”

“అవునమ్మా, మీరేం చేస్తారు. ఆ రోజు వినిపించిన కథ బాగుందా?”

“ఏటి బాగు! కతని సంపేసింది ఆ నర్సమ్మ.” నాలిక కరుచుకుని, కొంగు సర్దుకుంది. “పాపం శమించుగాక. అలాగ కాదు. రోజూ బాగా సదివీది. పోలీసోడి మాట ఒకలాగ, ముసిలోడి మాట ఒకలాగ, గొంతు మార్చీది. ఆ దినం ఏటో పాఠం అప్పసెప్పినట్టు గడగడా, గడగడా. ఒకటే గొంతు. పైగా రొంప పట్టిందేమో, ‘చీకటి’ అని ఉండాలి కదా పుస్తకంలో? మనలాగ ‘సీకటి’ అంది. ‘చెప్పాడు’ అనాల్సింది ‘సెప్పాడు’ అంది. ఎప్పుడూ అలాగ సదవదు.”

“రొంప పడితే చ పోయి స రాదమ్మా” అన్నాడు జీవరాజు నెమ్మదిగా.

కోటేశ్వరమ్మ ఆయన వైపు అనుమానంగా చూసింది. “మరి? ఆ పిల్ల కాకపోతే ఎవరు సదువుతారు సన్యాసయ్యకి?”

“అది తర్వాత చూద్దాం. ఆ రోజు మీకు బాగా కోపం వచ్చినట్టుంది. ఎందుకు?”

“రాదేటి మరి?” ఆమె ముందుకు వంగింది. కతలు వినని మనిషినన్న మాట మర్చిపోయింది. “సివరి అజ్జాయం ముందర పుస్తకం మూసీయాలి. సన్యాసయ్య రూలు అది. సంపింది ఎవరో ఎవరికి తోసిన పేరు వాళ్లు సెప్పాలి. మర్నాడు గాని సివరిది సదవకూడదు. నేనూ ఈ కిటికీలోంచే సెప్పీదాన్ని. ఆ కతలో నాకు కాంపౌండరు మీద అనుమానం. సెబుదామని గొంతు సవరించుకున్నాను. అది ఆగితేనా! అజ్జాయం అయింది, ఊపిరి కూడా తిప్పుకోలేదు, సివరిది మొదలెట్టేసింది. హంతకుడెవడో సెప్పేసింది. రేపటిదాకా దాసుకున్న బెల్లంముక్క నోట్లోంచి లాగేసినట్టయింది నాకు.”

“సన్యాసయ్యగారు ఏమన్నారు?”

“ఆయనేటంటాడు, ఆయన...” కోటేశ్వరమ్మ ఆగిపోయింది.

“ఏటీ అన్లేదు” అందామె చివరికి. “ఒకసారి కాలేజీ కుర్రోడు ముగింపు ముందే సెప్పేసేడని, మళ్లీ నా గుమ్మం తొక్కొద్దని గెంటేసేడు. అలాటి మనిషి... ఆ దినం ఏటీ అన్లేదు.”

“మధ్యలో? వీడే దొంగ, వాడే దొంగ అని?”

“లేదు.”

“దగ్గు? మంచం కిర్రుమన్న చప్పుడు?”

“రేకుల మీద వాన పడతంది బాబూ...” ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంటున్నట్టు అంది. “కానీ ఆ పిల్ల గొంతు వినిపించింది కదా. ఆయనది ఆ పిల్లకంటే పెద్ద గొంతు. వినిపించాలి కదా?”

“వినిపించాలమ్మా.”

కోటేశ్వరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే నేను ఇక్కడ కూకుని, కత పాడుసేసిందని ఆ పిల్లని తిట్టుకుంటన్నప్పుడు... ఆయన అక్కడ...”

“అవును.”

“టేసన్లో నేను తప్పు సెప్పేనా బాబూ? ఆ పిల్లని నేనే పట్టించేనా?”

“మీరు విన్నది నిజమే. ఎవరి గొంతో మీరు ఊహించుకున్నారు. అందరూ అదే ఊహించుకోవాలని ఒకడు అనుకున్నాడు. మీరు ఈ కిటికీ దగ్గర కూర్చుంటారని వాడికి తెలుసు.”

*

లైబ్రరీ తాళం తీసి సోమేశ్వరరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి శ్రీకాకుళంలో రిటైరయినవాడు. మావయ్యను చంపినవాళ్లను పట్టుకోవాలని సత్తిబాబే ఆయన్ను పిలిపించాడు. వచ్చిన మర్నాడే ప్రేమలీలను పట్టించాడు. అందుకు ఇక్కడి ఇన్‌స్పెక్టరు ఆయనకు చేతులు జోడించి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

“రండి, రండి” అన్నాడు. “మీరు నర్సమ్మను నవలల మీద ఇంటర్వ్యూ చేశారట. కానిస్టేబులు చెప్పాడు. ఏ పత్రికలో వేస్తున్నారు?”

“గది చూడాలి” అన్నాడు జీవరాజు.

“చూడండి. నేను నాలుగుసార్లు చూశాను. ఏమీ లేదు. ఇది సాదాసీదా కేసు జీవరాజుగారూ. మీ నవలల్లోలాగ రహస్య సొరంగాలు ఉండవు. ఆస్తి మీద ఆశ పడిన ఆడపిల్ల, గుడ్డివాడైన ముసలాయన, ఒక దిండు.”

లోపలి గదిలో పట్టెమంచం, పక్కనే కుర్చీ, కిటికీ. మూడు గోడలకూ బీరువాలు. నేల నుంచి కప్పుదాకా అట్టలూడిన నవలలు, పాత మాసపత్రికల బైండులు. జీవరాజు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. దుప్పటి, దిండు పోలీసులు తీసుకుపోయారు. కుర్చీ మంచానికి దూరంగా, కిటికీకి ఆనుకుని ఉంది.

“ఈ కుర్చీ ఎవరైనా కదిపారా?”

“లేదు. అలాగే ఉంది.”

“చూపులేని మనిషికి చదివేవాళ్లు మంచం పక్కన కూర్చుంటారు. ఈ కుర్చీలో కూర్చుంటే వీపు ఆయన వైపు ఉంటుంది. గొంతు పక్కింటివైపు పోతుంది.”

“వెలుతురు కోసం జరుపుకుని ఉంటుంది. వాన రోజు.”

జీవరాజు మంచం తలవైపు బీరువా దగ్గరకు వెళ్లాడు. కింది అర ముందు వంగి కూర్చుని చాలాసేపు కదలలేదు. పాత కాగితం వాసన, చెదమందు వాసన. వాటి కింద మరొకటి. తియ్యగా, మాగిన అరటిపండూ బాదంపప్పూ కలిసి మురిగినట్టు. కణతల దగ్గర నరం టకటక కొట్టుకోవడం మొదలైంది. కళ్ల వెనక బరువు. ఈ నొప్పి ఆయనకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట, సరిహద్దుల్లో కొండరోడ్ల దగ్గర, రాత్రులు టెంటులో తలకు తువ్వాలు బిగించుకుని పడుకునేవాళ్లు ఆయనా, ఆయన జవాన్లూ.

వెనక అగ్గిపెట్టె చప్పుడైంది.

జీవరాజు ఒక్క ఉదుటున లేచి సోమేశ్వరరావు మణికట్టు పట్టుకున్నాడు. పుల్ల ఇంకా గీయలేదు. సిగరెట్టు పెదవుల మీదే ఉంది.

“ఏమిటీ దౌర్జన్యం!”

“అగ్గిపెట్టె నాకివ్వండి. ఇచ్చి, అడుగులు చప్పుడు కాకుండా ముందు గదిలోకి వెళ్లండి.”

“మీకు మతి పోయిందా? నా వయసేమిటి, నా...”

“మీ తల నొప్పిగా లేదా?”

“ఉంది” అన్నాడు అయిష్టంగా. “ఈ గదిలోకి వచ్చిన ప్రతిసారీ వస్తోంది. అయితే?”

జీవరాజు మళ్లీ నేల మీద కూర్చున్నాడు. కింది అరలోని బైండులను ఒక్కొక్కటీ, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. వెనక చెక్కపలక. దాన్ని వేలితో జరిపితే జరిగింది. లోపల రెండు చెక్కపెట్టెలు. ఒకదాని మూత సగం ఎత్తి ఉంది. మైనపు కాగితం చుట్టిన కడ్డీలు వరసగా పడుకుని ఉన్నాయి. కొన్నింటి మీద నూనెలాంటి చెమట పట్టింది.

“జిలెటిన్” అన్నాడు, వెనక్కి తిరగకుండా. “డ్యాం పనుల్లో కొండలు పేల్చేది. దొంగిలించి ఇక్కడ దాచారు. పాతబడితే ఇలా చెమట పడుతుంది. అప్పుడు నిప్పు కూడా అక్కర్లేదు, గట్టిగా తగిలితే చాలు. దీని గాలి పీలిస్తే తలనొప్పి వస్తుంది. సన్యాసయ్యగారు దీని పక్కన రెండు నెలలు తల పెట్టుకుని పడుకున్నారు.”

సోమేశ్వరరావు ముఖంలో రక్తం లేదు. సిగరెట్టు ఎప్పుడు కింద పడిందో ఆయనకు తెలియదు. ఇద్దరూ నెమ్మదిగా వీధి అరుగు మీదికి వచ్చారు. ఇన్‌స్పెక్టరుకు కబురు పంపి, అటూ ఇటూ ఇళ్లు ఖాళీ చేయించమని జీవరాజు అక్కడున్న కానిస్టేబులుకు చెప్పాడు.

సోమేశ్వరరావు తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“సరే. మందుగుండు దొరికింది. దాచింది ఆ నర్సే కావచ్చు కదా? రోజూ వచ్చేది ఆమే.”

“రోజూ వచ్చి, అదే గదిలో తలనొప్పి తెచ్చుకుంటూ?”

“మరి మధ్యాహ్నం చదివిన గొంతు? దానికి జవాబు చెప్పండి ముందు. సన్యాసయ్య బతికి ఉండగా చదివిందా లేదా? ఆ వేళకు సత్తిబాబు కొరాపుట్‌లో ఉన్నాడు. మీరు ఎవరి వైపు వేలు చూపిస్తున్నారో నాకు అర్థం కావడం లేదనుకోకండి.”

“బతికి ఉండగా చదవలేదు” అన్నాడు జీవరాజు. “చివరి అధ్యాయం ముందు పుస్తకం మూయకపోతే పుస్తకం లాక్కునే మనిషాయన. ఆ రోజు ఆయన ఉన్న గదిలో ముగింపంతా చదివేశారు. ఆయన ఒక్క మాట అనలేదు. దగ్గలేదు, కదల్లేదు. మధ్యాహ్నం హోటల్ నుంచి వచ్చిన భోజనం క్యారియర్ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి మీ రిపోర్టులోనే ఉంది.”

“తలనొప్పి వల్ల తినలేదని రాశాను.”

“చచ్చిపోవడం వల్ల తినలేదు. చూపొచ్చాక ఆయన బీరువాలు దింపితే తను దాచిన పెట్టెలు బయటపడతాయని, పొద్దున్న కాఫీ ఇచ్చినవాడే దిండు అదిమాడు. అదిమి, బస్సెక్కాడు. వాడు కొరాపుట్‌లో పదిమందికి కనపడే వేళకు ఇక్కడ ముసలాయన బతికి ఉన్నట్టు ఊరికి వినిపించాలి. ఆయన మాట్లాడలేడు కాబట్టి ఆయనకు చదువుతున్న గొంతు వినిపించాలి. ప్రేమలీల ఆ రోజు రాదనీ, ఒంటరిగా నిద్రపోతుందనీ తెలిసింది వాడొక్కడికే.”

“చచ్చినవాడికి నవల చదివించాడా?” సోమేశ్వరరావు నవ్వబోయి నవ్వలేకపోయాడు. “ఇది కథల్లో కూడా నమ్మరు.”

“కథలు వినేవాడైతే ఈ తప్పు చేసేవాడు కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ముసలాయన గొడవపడతాడో వాడికి తెలియదు. మావయ్య పక్కన ఒక్క రోజు కూర్చుని కథ విన్నవాడు కాదు. వాడి దృష్టిలో నవలంటే చప్పుడు, అంతే.” జీవరాజు ఆయన కళ్లలోకి చూశాడు. “సత్తిబాబు మిమ్మల్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టే ఉంటాడు కదా. వాళ్లింట్లో ఆడవాళ్లెవరు?”

సోమేశ్వరరావు గొంతులో అధికారం పోయింది.

“కొత్తగా పెళ్లయింది. భార్య పేరు సత్యభామ. పాలకొండ వైపు పిల్ల. ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు, గడప దాటదు. చారు వడ్డిస్తూ... ‘సారు సల్లారిపోతంది బాబూ’ అంది.”

“చదువు వచ్చా?”

“గోడ మీద దేవుడి పటం కింద పద్యం ఉంటే పైకి చదివి వినిపించింది. సత్తిబాబు కసురుకున్నాడు.” ఆయన చేతికర్ర కోసం తడుముకున్నాడు. “పదండి. ఇవాళ ఆ పిల్లను డ్యాం చూపించడానికి తీసుకెళ్తున్నానని పొద్దున్న నాతో అన్నాడు. జీపు తేవడానికి వెళ్లాడు.”

*

సత్యభామకు ఇరవై ఏళ్లుంటాయేమో. కొత్త చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, చేతిసంచిలో పులిహోర పొట్లాలు సర్దుతోంది. సోమేశ్వరరావును చూసి నవ్వింది. వెనక మరో మనిషిని చూసి నవ్వు ఆపింది.

“ఆయన లేరండీ. జీపు కోసం ఎల్లేరు.”

“నీతోనే పనమ్మా” అన్నాడు జీవరాజు. గుమ్మం లోపలికి వచ్చి, నేల మీద చాప ఉంటే దాని మీద కూర్చున్నాడు. ఆమె భయపడకూడదని. “లక్ష్మివారం నువ్వు మీ మావయ్యగారికి చదివావు కదా. ఎంతసేపు చదివావు?”

ఆమె చేతిలో పొట్లం జారింది. సోమేశ్వరరావు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

“నేను ఎల్లినట్టు ఎవరికీ సెప్పొద్దన్నారు” అంది గొణుగుతూ. “నేనొచ్చేసేక ఆ నర్సమ్మ ఒచ్చి సంపేసిందట. నేను ఎల్లినట్టు తెలిస్తే నన్నూ పట్టుకుంటారన్నారు. బాబూ, నేనేటీ సెయ్యలేదు. సదివేను అంతే.”

“తెలుసమ్మా. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఏం జరిగిందో చెప్పు.”

“ఆ పొద్దున్న ఆయన బస్సుకెల్లే ముందు లైబ్రరీ ఎనక గుమ్మం తాళం ఇచ్చేరు. మావయ్యకి తల పగిలిపోతంది, నర్సమ్మ రాదు, మధ్యాన్నం నువ్వెల్లి సదివి పెట్టు అన్నారు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు, మాటాడడు, కదపకు, దగ్గిరికెల్లకు అన్నారు. కిటికీ కాడ కూకుని గట్టిగా సదవాలి, పుస్తకం అయిపోయేదాకా ఆపకూడదు అన్నారు.” ఆమె కొంగు వేలికి చుట్టుకుంటోంది. “పెళ్లయ్యేక ఆయన నాకు సెప్పిన మొదటి పని అది. మా ఊళ్లో నేనే బాగా సదువుతానని పేరండీ. మావయ్యకి నచ్చితే రోజూ పిలుస్తారనుకున్నాను.”

జీవరాజు కింద పడ్డ పొట్లం తీసి చాప మీద పెట్టాడు.

“అంతా సదివేసేక అడిగేను” అందామె. “బాగా సదివేనా మావయ్యా అని. పలకలేదు. మళ్లీ అడిగేను. నిద్దరట్టేసిందో, నా సదువు నచ్చలేదో తెలీలేదు. నచ్చలేదేమో అనుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చేను కూడా.”

సోమేశ్వరరావు గోడ వైపు తిరిగిపోయాడు.

చెప్పక తప్పదు. ఎలా చెప్పినా ఒకటే. జీవరాజు గొంతు సాధ్యమైనంత మెత్తగా చేసుకున్నాడు.

“నచ్చకపోవడం కాదమ్మా. నువ్వు వెళ్లేసరికే ఆయన లేరు.”

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కళ్లు ఆయన ముఖం మీద నిలిచిపోయాయి. పెదవులు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కదిలాయి. పొద్దున్న, బస్సు, తాళం, దుప్పటి. ఆ తర్వాత ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు. కేక వెయ్యలేదు. అరచేతుల్ని చీరకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

“అంతసేపు” అంది. “అంతసేపు నా ఎనకాల...”

“సత్యభామా, నా మాట విను. ఇవాళ నువ్వు ఆ జీపు ఎక్కకూడదు. ఆ రోజు చదివింది ఎవరో తెలిసింది ఈ లోకంలో ఇద్దరికే. ఒకరు నీ భర్త. రెండోది నువ్వు.”

వీధి మొదట్లో జీపు హారన్ మోగింది. సోమేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఇంకా లైబ్రరీ దగ్గరే ఉంటాడు. ఇక్కడికి రావడానికి వ్యవధి పడుతుంది. చేతిలో కర్ర తప్ప ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర మరేమీ లేదు.

“వెనక గుమ్మం ఉందా?” అన్నాడు జీవరాజు లేస్తూ. “అమ్మాయిని తీసుకుని మీరు వెళ్లండి సోమేశ్వరరావుగారూ. నేను ఇక్కడ ఉంటాను.”

“వద్దు” అంది సత్యభామ.

లేచి నిలబడింది. జడలోని పూలు తీసి కిటికీలో పెట్టింది.

“మీరు ఏటి సెప్పినా ఆయన కాదంటారు. నర్సమ్మే సంపిందంటారు. తాళం నాకివ్వలేదంటారు. నేను పిచ్చిదాన్నంటారు.” ఆమె ఇద్దర్నీ వంటగది తలుపు వెనక్కి చేత్తో చూపించింది. “మీరు అక్కడుండండి. నేను అడుగుతాను. నాతో ఏటంటారో మీరు ఇనండి.”

“అది ప్రమాదం తల్లీ” అన్నాడు సోమేశ్వరరావు. తల్లీ అన్న మాట ఆయన నోట ఎంతో కాలం తర్వాత వచ్చినట్టుంది.

“ఒక ఆడపిల్లని రేపు జైల్లో పెడతారు కదండీ, నా గొంతు వల్ల.”

జీపు ఇంటి ముందు ఆగింది. ఇంజను ఆగలేదు. చెప్పుల చప్పుడు అరుగు ఎక్కింది. వంటగది తలుపు సందులోంచి జీవరాజుకు ఆమె వీపూ, తెరిచి ఉన్న గుమ్మమూ కనిపిస్తున్నాయి. సోమేశ్వరరావు కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అయ్యిందా సర్దడం?” సత్తిబాబు గుమ్మంలో నిలబడి హుషారుగా అన్నాడు. “రా, పొద్దు వాలకుండా కొండెక్కీయాల. అన్ని పొట్లాలెందుకు, ఒకటి సాలు. ఇద్దరికి ఒకటి సాలదేటి?”

“మీకొక మాట అడగాల” అంది సత్యభామ.

“దారిలో అడుగు.”

“ఇక్కడే అడుగుతాను. ఆ దినం నేను సదివినంతసేపూ, మావయ్య ఎందుకు మాటాడలేదు?”

గుమ్మంలో చిరునవ్వు అలాగే ఉంది. సత్తిబాబు ఇంటి లోపలికి, మూలలకి, వంటగది తలుపుకి ఒకసారి చూపు తిప్పాడు. తర్వాత లోపలికి అడుగు పెట్టి, వెనక చేత్తో వీధి తలుపు మూశాడు. గడియ పడింది.

“అప్పటికే మావయ్య పోయేడని ఎవరు సెప్పేరు నీకు?” అన్నాడు.